ఉన్నట్టుండి వచ్చే ఊపును నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఏడాది కాలంగా నా జీవితంలో ఏదీ ఉన్నచోట లేదు. ఆరేళ్లు మంచాన ఉన్న అమ్మను నేనే చూసుకున్నాను. ఏడు నెలల క్రితం ఆమె పోయింది. తర్వాత రెండు నెలలకు మా అమ్మాయి చదువు కోసం వేరే ఊరు వెళ్లింది. ఈలోగా నేను పనిచేసే ఆఫీసు కూడా మూసేశారు. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. రోజుల తరబడి ఏమీ చేయాలనిపించదు. అంతలోనే ఎక్కడలేని ఊపు వస్తుంది. ఒక రాత్రి పదింటికి అమ్మ బీరువా మొత్తం ఖాళీ చేసి మంచం మీద పోశాను. ఇంకోసారి ఏడాది అకౌంట్స్ కోర్సుకు అప్పటికప్పుడు ఫీజు కట్టేశాను. తెల్లవారుజామునే నడక, కొత్త భాష నేర్చుకోవడం, ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌కు మారాలని ఏజెంటుతో మాటలు, ఇలా అన్నీ ఒకేసారి మొదలుపెడతాను. ఆ రోజుల్లో నాలుగైదు గంటల నిద్ర చాలనిపిస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో అంతా చప్పబడిపోతుంది. బీరువాలోవి వారం రోజులు మంచం మీదే ఉంటే నేను హాల్లో సోఫా మీద పడుకున్నాను. కోర్సు మూడో పాఠం దగ్గర ఆగింది. మా అక్క ‘నీది ఆరంభశూరత్వం’ అంటుంది. అమ్మ పోయి ఏడాదైనా కాలేదు, నాకీ హుషారేంటని నాకే సిగ్గుగా ఉంటుంది. ఈ ఊపును నమ్మాలా? నమ్మితే నిలబెట్టుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సిగ్గు సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది అదే. అమ్మ పోయిన ఇంట్లో కూతురికి హుషారు రావడం తప్పు కాదు. అది అమ్మను మరిచిపోవడం అసలే కాదు. దుఃఖమంటే పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే బరువుతో ఉండాలని, మధ్యలో మనసు తేలికపడితే ప్రేమలోనే ఏదో లోటుందని చాలామంది లోలోపల నమ్ముతారు. దుఃఖం మీద ఏళ్ల తరబడి పనిచేసిన మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో దీనికి భిన్నమైన చిత్రాన్ని మన ముందుంచారు. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల మనసు రెండు వైపులకూ తిరుగుతుంటుందని వాళ్లన్నారు. కాసేపు పోయిన మనిషి వైపు వెళ్తుంది. అప్పుడు జ్ఞాపకాలు, ఏడుపు, ఖాళీ మంచం. కాసేపు మిగిలిన బతుకు వైపు వెళ్తుంది. అప్పుడు కొత్త పనులు, కొత్త బాధ్యతలు, కొత్త ఆశలు. ఇలా అటూ ఇటూ తిరుగుతూనే మనసు కోలుకుంటుంది. ఎప్పుడూ ఒకవైపే ఇరుక్కుపోయినవాళ్ల గురించే వాళ్లు ఎక్కువ ఆందోళన పడ్డారు. మీ మనసు తిరుగుతోంది. అది చేయాల్సిన పనే చేస్తోంది.

ఇంకో సంగతి. ఆరేళ్లు మంచాన ఉన్న మనిషిని చూసుకున్నారంటే, ఆ ఆరేళ్లూ మీ ధ్యాసలో ఒక పెద్ద భాగం ఆ గదిలోనే ఉండిపోయింది. మందుల వేళలు, ఒళ్లు తిప్పి పడుకోబెట్టడం, పక్కగదిలో చిన్న మూలుగు వినపడితే నిద్రలోనే లేచి కూర్చోవడం. బయటికెళ్లినా ఒక చెవి ఇంటి వైపే. ఆ పని ఒక్కరోజులో ఆగిపోయింది. కానీ ఆరేళ్లుగా దానికి అలవాటుపడ్డ ఒళ్లూ మనసూ ఒక్కరోజులో ఆగవు. ఆ ధ్యాస, ఆ చేతుల వేగం ఎటు పోవాలో తెలియక ఒక రాత్రి పదింటికి బీరువా వైపు తిరిగాయి. ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు.

ఇక, ఇంత గందరగోళంలో కొత్త పనుల మీద ఇంత ఆశ ఎందుకు పుడుతోందో చూద్దాం. మనం రోజూ చేసేవాటిలో చాలాభాగం ఆలోచించి చేసేవి కావు. చోటు, వేళ, చుట్టూ ఉన్న మనుషులు మనచేత చేయించేవి. ఆ చుట్టుపక్కలు చెదిరిపోతే అలవాట్ల పట్టు సడలి, మనిషి అనుకున్నదానికి మళ్లీ బలం వస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారిన విద్యార్థుల వ్యాయామం, పేపరు చదవడం, టీవీ చూడడం వంటి అలవాట్లను గమనించారు. పాత పరిసరాల ఆనవాళ్లు కొత్తచోట కూడా ఉన్నవాళ్లకు పాత అలవాటు కొనసాగింది. పరిసరాలు మారినవాళ్లలో మాత్రం అలవాటు వెనక్కి తగ్గి, మనసులో అనుకున్నదే నడిపించింది. బ్రిటన్‌లో బాస్ వెర్‌ప్లాంకెన్, డెబొరా రాయ్ 800 ఇళ్లవాళ్లతో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగం దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. పర్యావరణానికి మేలు చేసే అలవాట్లు నేర్పితే, కొత్తగా ఇల్లు మారినవాళ్లు వాటిని ఎక్కువగా అందుకున్నారు. అయితే ఆ అవకాశం ఇల్లు మారాక దాదాపు 3 నెలల వరకే తెరిచి ఉన్నట్టు కనిపించింది.

మీ విషయంలో ఇల్లు మారలేదుగానీ ఇంట్లో ఉన్నదంతా మారిపోయింది. ఆఫీసు టైము లేదు, అమ్మాయిని నిద్రలేపే పని లేదు, అమ్మ మందుల వేళ లేదు. రోజును పట్టి ఉంచిన మూడు గుంజలూ ఒకే ఏడాదిలో ఊడిపోయాయి. అంతా అస్థిరంగా అనిపించడానికి కారణం అదే, ఏదైనా చేసేయొచ్చనిపించడానికి కారణమూ అదే. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఆ ఊపు నిజమైనదే, నమ్మండి. కానీ అది రేపటికి కూడా ఉంటుందని నమ్మకండి. ఈ రెండో మాట దగ్గరే మీరు దెబ్బతింటున్నారు.

ఊపు వచ్చిన రోజున మీరు వేసుకునే ప్రణాళిక, ఇకమీదట ప్రతిరోజూ ఇలాంటి రోజే అన్నట్టు ఉంటుంది. ఇందులో మీరు ఒంటరి కారు. రోజర్ బ్యూలర్, అతని సహచరులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ పూర్తిచేయడానికి ఎన్నాళ్లు పడుతుందని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లని అడిగినప్పుడు చెప్పిన అంచనాను కూడా చాలామంది దాటిపోయారు. వాళ్లేమీ బద్ధకస్తులు కారు. ముందుకు చూసేటప్పుడు మనిషికి దారి సాఫీగానే కనిపిస్తుంది. జ్వరం వచ్చే రోజు, మనసు బాగాలేని రోజు, ఎవరో ఫోన్ చేసి గంట మాట్లాడే రోజు లెక్కలోకి రావు. మీకైతే ఈ ఏడాది మనసు బాగాలేని రోజులే ఎక్కువ ఉంటాయి. ఆ రోజులను లెక్కలో వేసుకోని ఏ ప్రణాళికైనా మూడో రోజుకు కూలుతుంది. కూలిందని మీరు మిమ్మల్ని తిట్టుకుంటారు, అక్క ఒక మాట అంటుంది, దాంతో తర్వాతి వారం ఇంకా బరువెక్కుతుంది. ఊపు పోవడం వల్ల జరిగే నష్టం తక్కువే. ఆ తిట్టుకోవడం వల్ల జరిగేదే ఎక్కువ.

అందుకే పనులను రెండు రకాలుగా విడదీసి చూడమంటాను. ఒక్కసారి చేస్తే అయిపోయేవి కొన్ని. చేశాక ఊపు పోయినా అవి అలాగే ఉంటాయి. పాత ఆఫీసు నుంచి రావాల్సిన డబ్బుల కోసం రాయాల్సిన ఉత్తరం, అమ్మ పేరు మీదున్న బ్యాంకు కాగితాలు, ఉద్యోగానికి పంపే బయోడేటా, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న కళ్ల పరీక్షకు అపాయింట్‌మెంటు, చదువుకోవడానికి కిటికీ పక్కన ఒక బల్ల, దానికి మంచి దీపం. ఊపు వచ్చిన రోజును వీటికి ఇచ్చేయండి. రెండోరకం, రోజూ చేస్తేనే ఫలితముండేవి: నడక, కోర్సు, భాష. వీటి కొలతను ఊపు ఉన్న రోజున నిర్ణయించకండి. మీ అధ్వాన్నమైన రోజున, సోఫా మీద నుంచి లేవాలనిపించని రోజున, ఎంత చేయగలరో అంతే ఈ పనుల కొలత.

బీరువా విషయం కాస్త నిదానంగా మాట్లాడాలి. ఎందుకంటే అక్కడ జరిగింది మీరు అనుకుంటున్నది కాదని నా నమ్మకం. ఊపు తగ్గిపోయింది కాబట్టి పని ఆగిందని మీరు రాశారు. ఒకసారి గుర్తుచేసుకోండి, ఏ వస్తువు చేతికొచ్చినప్పుడు ఆగిపోయారు? చీరలు మడతపెట్టి పక్కన పెట్టడం కష్టం కాదు. కానీ ఆ బీరువాలో కళ్లజోడు ఉండే ఉంటుంది, కవరులో పెట్టిన పాత ఫొటోలు ఉండే ఉంటాయి. బీపీ, షుగరు ఏ రోజుకారోజు మీ చేత్తో రాసిన నోటుపుస్తకం ఉండే ఉంటుంది. చివరి పేజీలో సగం వరకు రాసి, కింద ఖాళీ. అలాంటిది చేతికొచ్చాక ఎవరి చేయైనా ఆగుతుంది. మీరు మిగిలిన బతుకు వైపు మొహం పెట్టి మొదలుపెట్టిన పని, నట్టనడుమ మిమ్మల్ని అమ్మ వైపు తిప్పేసింది. రాత్రి పదింటికి, ఒంటరిగా, రెండు వైపుల బరువూ ఒకేసారి మీద పడింది. మీరు చతికిలపడ్డారు. బద్ధకం ఇందులో ఎక్కడుంది?

ఈసారి ఆ పని పగటిపూట చేయండి, వీలైతే అక్కను పక్కన కూర్చోబెట్టుకుని. ఒక్క అర మాత్రమే తీయండి. మంచం మీద కాదు, రాత్రికి ఎలాగూ ఖాళీ చేయాల్సిన అవసరం లేని చోట పెట్టుకోండి. చూడగానే తేల్చుకోగలిగినవి తేల్చేయండి. చేతిలోకి తీసుకోగానే గొంతు పట్టేసేవాటి కోసం ఒక పెట్టె దగ్గర పెట్టుకోండి. వాటి గురించి ఆ రోజు ఏ నిర్ణయమూ వద్దు. మూతపెట్టి, పైన తేదీ రాసి, అటక మీదో మంచం కిందో పెట్టేయండి. మీకు చూడాలనిపించినప్పుడు చూస్తారు. అర అయిపోతే ఇంకా ఊపు ఉన్నా సరే ఆపేయండి. ఊపు ఉండగానే ఆపడం కష్టమని తెలుసు. కానీ ‘పూర్తిగా చేశాను’ అనే తృప్తితో ఆగిన మనిషికి రెండో అర తీయడానికి ధైర్యం ఉంటుంది. మంచం నిండా గుట్ట మిగిల్చుకున్న మనిషికి ఆ గది తలుపు తీయడమే భయమవుతుంది.

కోర్సు సంగతికొద్దాం. మూడో పాఠం దగ్గర ఆగిందంటే మూడు పాఠాలు అయ్యాయన్నమాట. మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టకండి, అలా చేస్తే మళ్లీ మూడో పాఠం దగ్గరే ఆగే ప్రమాదముంది. నాలుగోది తెరవండి. ఎంతసేపు? పదిహేను నిమిషాలు. అది కూడా ‘వీలున్నప్పుడు’ కాదు. ‘స్నానం చేసి వచ్చాక, ఇంకేదీ ముట్టుకోకముందు, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను’ అని కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే ఇలా కట్టేసుకోవడం వట్టి సంకల్పం కన్నా బాగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చారు. పాస్కల్ షీరన్‌తో కలిసి ఆయన 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడూ అదే తేలింది.

‘21 రోజులు చేస్తే అలవాటైపోతుంది’ అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. ఆ మాట ఎంతోమందిని 22వ రోజున అనవసరంగా కుంగదీసింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించింది. ఒక చిన్న పని దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి సుమారు 66 రోజులు పడుతుందని అంచనా వేసింది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. వాళ్లు కనిపెట్టిన ఇంకో సంగతి మీకు ఎక్కువ పనికొస్తుంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడంలో చెప్పుకోదగ్గ నష్టం రాలేదు. తప్పిన రోజు తర్వాతి రోజు ఏం చేశామన్నదే ముఖ్యం.

కొత్త భాషను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీకు ఒక నోటుపుస్తకం సూచిస్తాను. ఊపు వచ్చినప్పుడు తోచినవన్నీ అందులో తేదీతో సహా రాయండి, కానీ వెంటనే మొదలుపెట్టకండి, డబ్బు అసలు కట్టకండి. కొన్ని కోరికలు ఆ రాత్రితోనే పోతాయి. కొన్ని మళ్లీ వస్తాయి. వేర్వేరు నెలల్లో, వేర్వేరు మనఃస్థితుల్లో, ఏమీ తోచని మధ్యాహ్నం కూడా ఒకే కోరిక మళ్లీ మళ్లీ ఆ పుస్తకంలోకి వస్తోందంటే, దానికి చోటివ్వండి. ఏది మీకు కావాలో, ఏది ఆ క్షణపు ఉక్కిరిబిక్కిరి నుంచి బయటపడడానికి దొరికిన తలుపో, వేరే ఎవరూ చెప్పలేరు. ఆ పుస్తకం చెబుతుంది.

చప్పబడిన రోజుల గురించి ఒక్క మాట. ఉత్సాహం వస్తే పని చేద్దామని ఎదురుచూడకండి. చాలాసార్లు పని ముందు, ఉత్సాహం తర్వాత. కుంగుబాటుకు ఇచ్చే చికిత్సల్లో ఒకటి పూర్తిగా ఈ ఆధారం మీదే నడుస్తుంది. లేచి మొహం కడుక్కుని వీధి చివరిదాకా వెళ్లిరావడం కూడా పనే. అలాంటి రోజున ఇంతకన్నా ఎక్కువ అడగకండి. కానీ వారాల తరబడి అన్నీ అవే రోజులైతే, బతకడం దండగ అనే ఆలోచన తొంగిచూస్తే, ఎవరికీ చెప్పకుండా ఉండిపోకండి. ఆ రోజే అక్కకు చెప్పి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

నిద్ర గురించి మీరు యథాలాపంగా రాశారు. నేను దాన్ని అలా వదిలేయలేను. ఆ రోజుల్లో నాలుగైదు గంటలే పడుకుని మర్నాడు అలసటగా, కళ్లు మంటలుగా ఉంటే, అది ఆలోచనలు తెగక నిద్ర పట్టకపోవడం. కొత్తగా ఒంటరిగా ఉంటున్నవాళ్లకు, దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇది మామూలే. కానీ అంత తక్కువ నిద్రతోనూ అలసట లేకుండా, ఇంకా ఎక్కువ శక్తితో లేస్తున్నారా? మాట మామూలుకన్నా వేగంగా వస్తోందని ఎవరైనా అన్నారా? ఒక ఆలోచన పూర్తికాకముందే ఇంకోటి తోసుకొస్తోందా? డబ్బు ఖర్చు చేయి దాటిపోతోందా? ఇవన్నీ కలిసి వరుసగా 4 రోజులో అంతకన్నా ఎక్కువో ఉంటే, మానసిక వైద్యులు దాన్ని మామూలు హుషారుగా చూడరు. హైపోమేనియా, అంటే హుషారు మామూలు హద్దు దాటిపోయే మానసిక స్థితి, కావచ్చేమోనని పరిశీలిస్తారు. కుంగుబాటుకు మందులు వాడుతుంటే ఈ మార్పు సంగతి ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా నిద్ర తగ్గడం, గుండెదడ, కుదురులేనితనం వస్తాయి. మీ వయసులో నెలసరి ఆగబోయే ముందు వచ్చే మార్పులూ నిద్రను చెడగొడతాయి. నేను ఉత్తరం చూసి రోగం పేరు చెప్పడం లేదు, చెప్పకూడదు కూడా. ఒకసారి డాక్టరును కలిసి, ఊపు వచ్చిన రోజుల్లో ఎన్నింటికి పడుకున్నారో ఎన్నింటికి లేచారో రాసుకున్న కాగితం చూపించండి. అంతా బాగుందంటే మంచిదే, ఆ అనుమానం తీరిపోతుంది. ఈలోగా ఎంత ఊపు ఉన్నా రాత్రి పది దాటాక కొత్త పని మొదలుపెట్టకూడదని ఒక నియమం పెట్టుకోండి.

మీ అక్కతో గొడవ పడకండి. ఆవిడకు కనిపిస్తున్నది ఆగిపోయిన పనులే. మీరు ఏ స్థితిలో మొదలుపెడుతున్నారో ఆవిడకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ‘అక్కా, నేను మధ్యలో ఆపేస్తే ఆ మాట అనకు. నేను నిద్రపోకుండా తిరుగుతున్నా, గడగడా మాట్లాడుతున్నా, పెద్ద ఖర్చు పెట్టబోతున్నా మాత్రం నాకు చెప్పు’ అని అడిగి చూడండి. ఆవిడకు మీ గురించి ఉన్న బెంగ అప్పుడు పనికొచ్చే చోటికి చేరుతుంది. అమ్మ పోయింది ఆవిడకు కూడా. బీరువా దగ్గర ఆవిడ కూర్చోవడం మీకోసమే కాకపోవచ్చు.

చివరగా ఇల్లు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను: అప్పుల ఒత్తిడో అలాంటి తప్పనిసరి అవసరమో ఉంటే తప్ప ఇప్పుడు అమ్మకండి. చిన్న ఫ్లాట్ ఆలోచన తప్పని కాదు, రేపు అదే సరైనది కావచ్చు. కానీ మీ ఉద్యోగం ఏ వైపో ఇంకా తేలలేదు. అమ్మాయి సెలవులకు వచ్చి ఈ ఇంట్లో ఒక్కసారైనా ఉండలేదు, అది ఆమె ఇల్లు కూడా. అమ్మితే వెనక్కి రాదు. ఊపులో పుట్టిన ఇలాంటి ఆలోచనకు చప్పబడిన రోజున కూడా మీ మనసు ఒప్పుకోవాలి. రెండు రకాల రోజుల్లోనూ, కొన్ని నెలల తేడాతో, అదే సరైనదనిపిస్తే అప్పుడు సంతకం చేయండి. ఏజెంటుకు ఈ వారమే ఫోన్ చేసి, అమ్మాయి వచ్చి వెళ్లాక మాట్లాడతానని చెప్పండి. మంచి బేరం పోతుందని ఆయన తొందరపెడితే, పోనివ్వండి.